తక్‌పట్టీకి ఎక్కని కోతలు

గుంటూరు మిర్చి యార్డులో ముప్పై ఎనిమిదేళ్ళు గుమాస్తాగిరీ చేసిన మనిషి మా బావగారు. ఒక కమీషను దుకాణంలో చేరింది మొదలు, కళ్ళజోడు అద్దాలు మరీ మందమయ్యాయని మానుకునేదాకా, ఆయన చేతిమీదుగా ఎన్ని లక్షల టిక్కీల మిరపకాయలు అమ్ముడుపోయాయో ఆయనే చెప్పలేరు. చెప్పగలిగింది ఒక్కటే: రైతుకిచ్చే తక్‌పట్టీ. ఇన్ని టిక్కీలు, ఇంత తూకం, ఇంత ధర. అందులో కమీషను ఇంత, కాటాకూలి ఇంత, హమాలీ ఇంత. పోగా రైతు చేతికి ఇంత అని వరసగా రాసి ఇచ్చే చీటీ అది. “కోతలు న్యాయమో అన్యాయమో తరవాత పోట్లాడుకోవచ్చు. ముందు కాగితంమీద పడాలి కదా!” అంటారాయన.

అల్లాంటి మనిషి దగ్గరకు సొంతకొడుకు, అంటే మా మేనల్లుడు, హైదరాబాదులో సాఫ్టువేరు ఉద్యోగం చేసేవాడు, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి లెక్కలు చూడమంటూ వచ్చాడు. 2025 మే నెలలో మాట. యార్డుకు వేసవి సెలవులు. అక్కయ్యను చూసిపోదామని వెళ్ళి నేను అప్పుడక్కడే ఉన్నాను గనక ఈ వ్యవహారానికి సాక్షి నయ్యాను.

సంగతేమంటే, అక్కయ్యకు రెండు మోకాళ్ళూ అరిగిపోయాయి. ఆపరేషను తప్పదన్నారు డాక్టరు. కుర్రవాడు జీతంలో మిగిల్చి రెండు లక్షలు దాచాడు. అది ఒక మోకాలికి సరిపోతుంది. ఒక మోకాలికి ఉన్న డబ్బు రెండు మోకాళ్ళకూ సరిపోయేట్టు చేద్దామని, ఇంట్లో ఎవరికీ చెప్పకుండా, 2024 ఏప్రిలులో క్రిప్టో నాణేల వ్యాపారంలో దిగాడు. తల్లికి మేలు చేద్దామన్న తాపత్రయమే తప్ప వాడికి మరే దురలవాటూ లేదు. కాఫీ కూడా తాగడు.

ఏడాది తిరిగింది. ఫోనులో రూ. 8,000 లాభమని పచ్చ అంకెలు కనిపిస్తున్నాయి. ఖాతాలో చూస్తే రూ. 1,49,860 మాత్రమే ఉంది.

“లాభం వస్తే డబ్బెలా తగ్గుతుంది నాన్నా?” అని అడిగాడు, బావగారి మంచం పక్కన కుర్చీ లాక్కుని.

బావగారు కోప్పడలేదు. చెయ్యి చాపి, “తక్‌పట్టీ చూపించు” అన్నారు. కుర్రవాడు ఫోను అందించాడు. ఆయన అటూ ఇటూ తిప్పి చూసి, “ఇది ధరల పలకరా. తక్‌పట్టీ ఏదీ?” అన్నారు. అల్లాంటిది వాళ్ళివ్వరనీ, మనమే దింపుకోవాలనీ వాడు చెప్పాడు. దింపి, బజారులో అచ్చు వేయించుకొస్తే ముప్పై రెండు పేజీలయింది. బావగారు మూడు రోజులు మధ్యాహ్నం నిద్ర మానుకుని, పాత అలవాటు ప్రకారం ఎర్ర అట్ట చిట్టాలోకి ఆ పద్దులన్నీ ఎక్కించారు. ఆ మూడు రోజుల్లో నేను తెలుసుకున్నది పాఠకులకు మనవి చేస్తున్నాను.

క్రిప్టో అంటే ఏమిటని అడిగేవా రింకా ఉన్నారు గనక ముందు రెండు ముక్కలు. 2008 అక్టోబరులో సతోషీ నకమోటో అనే పేరుతో ఎవరో (మనిషో, నలుగురి ముఠాయో నేటికీ ప్రపంచానికి తెలియదు) ఒక పత్రం వెలువరించారు. 2009 జనవరిలో ఆ పత్రం ప్రకారం బిట్‌కాయిను మొదలైంది. దీనికి ప్రభుత్వం పూచీ లేదు, బ్యాంకి లేదు. ఎవరు ఎవరికి ఎంత ఇచ్చారన్న ఆవర్జా ఒకటి వేలాది కంప్యూటర్లలో ఒకేసారి ఉంటుంది. సుమారు పది నిమిషాలకు ఒక కొత్త పేజీ దానికి చేరుతుంది. చేర్చినవారికి కూలి ముడుతుంది. రెండు కోట్ల పది లక్షలకు మించి ఈ నాణేలు పుట్టవని కట్టడి. దీన్ని చూసి పుట్టిన నాణేలు తరవాత వేలకు వేలు.

కూలి మాట వచ్చింది గనక ఒక పాత కథ. 2010 మే 22న అమెరికాలో ఫ్లోరిడాలో లాస్లో హన్యెట్జ్ అనే ఆయన పదివేల బిట్‌కాయిన్లిచ్చి రెండు పిజ్జాలు తెప్పించుకున్నాడు. అయ్యో, ఆ పదివేలూ దాచుకుని ఉంటే! అని లోకమంతా ఇప్పటికీ నాలుక కరుచుకుంటూ ఉంటుంది. కాని ఆ పద్దులో మరొక అంకె ఉంది. దాన్ని ఎవరూ తలుచుకోరు. ఆ నాణేలను పంపించినందుకు ఆయన ఇచ్చుకున్న కూలి 0.99 బిట్‌కాయిను. ఆనాడు దాని విలువ ఒక సెంటు కూడా లేదు. 2025 అక్టోబరులో బిట్‌కాయిను ధర పతాకస్థాయి నందుకున్నప్పుడు ఆ కూలి ఒక్కటే మన డబ్బులో కోటి రూపాయలు దాటింది. పిజ్జాలను అందరూ చూశారు. కూలిని చూసినవాడు లేడు. ఈ వ్యాపారంలో ఖర్చుల తీరే అంత.

ఇక మన చిట్టాకు వద్దాం.

బావగారు మొదట పట్టుకున్న కోత అసలు ఆ ముప్పై రెండు పేజీల్లో ఎక్కడా లేదు. అది కొనే ధరకూ అమ్మే ధరకూ మధ్య ఉండే సందు. బంగారం కొట్టుకు వెళ్ళిన ఆడవాళ్ళకు దీన్ని విడమరిచి చెప్పనక్కరలేదు. పొద్దున కొన్న గాజులు సాయంత్రం అదే కొట్టులో అమ్మజూపితే అదే ధర ఇవ్వరు. “మేము కమీషనే తీసుకోము” అని ప్రకటించుకునే బళ్ళు కూడా ఉన్నాయి. వాళ్ళ బత్తెం వచ్చేది ఈ సందులోంచే. పెద్ద నాణేలకు సందు సన్నంగా ఉంటుంది. చిన్న నాణేలకు, అంటే కుర్రవాళ్ళు ఎగబడేవాటికి, ఎద్దులబండి పట్టేంత ఉంటుంది.

దీనికి తోడు మరొక చిక్కు. తెరమీద ధర రూ. 100 అని ఉంటుంది. మీకు ఐదువందల నాణేలు కావాలి. కాని వంద రూపాయలకు అమ్మేవాడి దగ్గర ఉన్నవి రెండువందలే. తరవాతివాడు నూటయాభై నాణేలు రూ. 101కి ఇస్తానంటాడు, ఆ తరవాతివాడు మరో నూటయాభై రూ. 102కి. మీరు “కొను” అని మీట నొక్కారంటే అందరి దగ్గరా కలిపి కొనిపెడుతుంది యంత్రం. యాభైవేలవుతుందనుకున్నది రూ. 50,450 అవుతుంది. మరుక్షణం మనసు మారి అమ్మారనుకోండి. కొనేవాళ్ళలో మొదటివాడు రెండువందల నాణేలకు రూ. 99.50 ఇస్తాడు, మిగతా మూడువందలకు రెండోవాడు రూ. 99 ఇస్తాడు. చేతికి వచ్చేది రూ. 49,600. ధర రవ్వంత కదల్లేదు. ఎవరూ మోసం చెయ్యలేదు. ఎనిమిదివందల యాభై రూపాయలు మాత్రం పోయాయి. “మన యార్డులో కూడా అంతేగా! మంచి ధర పలికేది మొదటి పది టిక్కీలకే. మిగతా సరుకంతా దాని వెనకాల జారుతుంది” అన్నారు బావగారు. కాని యార్డులో అది వేలంపాట, చెవులతో వినిపిస్తుంది. ఇక్కడ కన్నుమూసి తెరిచేలోగా అయిపోతుంది.

దళారీ లేకుండా యంత్రాలే బేరం కుదిర్చే అంగళ్ళు కొన్ని ఈథీరియం మొదలైన గొలుసులమీద ఉన్నాయి. అక్కడ దొంగ ఇంకా చురుకైనవాడు. మీరు పంపిన బేరం ఆవర్జాలోకి ఎక్కేలోగా అందరికీ కనబడుతూ నిరీక్షిస్తుంది. టీకొట్టులో కూర్చుని “రేపు బజారుకు వెళ్ళి విత్తనాలన్నీ కొనేస్తా” అని కేకవేశారనుకోండి, పక్కబల్లమీది గడుసువాడు ఈ రాత్రికే వెళ్ళి అవి కొనేసి, రేపు మీకే హెచ్చుధరకు అమ్మడూ? అదే పని అక్కడ కంప్యూటరు మరలు చేస్తాయి. 2025 మార్చిలో ఒకరు సుమారు 2,20,000 డాలర్లు మార్చుకోబోయి, ఇల్లాంటి మర నోట పడి, చేతికి ఐదువేల డాలర్ల చిల్లరే అందుకున్నారు. పైగా ఆ గొలుసుమీద బేరం కుదరక మధ్యలో విఫలమైనా కూలి తిరిగి రాదు. పెళ్ళి ఆగినా పందిరి ఖర్చు ఆగనట్టు.

మా వాడు అటువైపు పోలేదు. స్వదేశపు బడిలోనే, ఏడాదిలో అరవై బేరాలు చేశాడు. ఒక్కో బేరం సుమారు యాభైవేలు. కొనుగోళ్ళన్నీ కలిపి రూ. 29,92,000, అమ్మకాలన్నీ కలిపి రూ. 30,00,000. తేడా ఎనిమిదివేలు. పచ్చ అంకెలు చెప్పిన లాభమిదే. ఆ లెక్కలో తప్పు లేదు.

వాడి బడిలో కమీషను నూటికి 40 పైసలు. విన్నప్పుడు ఎవరికైనా “ఇంతేనా!” అనిపిస్తుంది. కాని కొన్నప్పుడొకసారి, అమ్మినప్పుడొకసారి. రెండు లక్షల మూలధనం ఉన్నవాడు తిప్పిన మొత్తం దగ్గర దగ్గర అరవై లక్షలు. దానిమీద 40 పైసల చొప్పున రూ. 23,968. ఆ కమీషనుమీద నూటికి 18 చొప్పున జీఎస్టీ రూ. 4,314. వెరసి రూ. 28,282. అంకె అండర్‌లైను చేసి బావగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. “ఎనిమిదివేలు సంపాదించడానికి ఇరవై ఎనిమిదివేలు కూలి ఇచ్చావురా” అన్నారు. కుర్రవాడు మాట్లాడలేదు.

వాడికింకా తెలియదు, అసలైన పెద్ద పద్దు ఇంకా రాలేదని.

2022 బడ్జెటులో మన ప్రభుత్వం ఈ నాణేలకు వర్చువల్ డిజిటల్ ఆస్తులని పేరుపెట్టి, వాటి లాభంమీద నూటికి 30 పన్ను వేసింది. దానిమీద నూటికి 4 సెస్సు. ఏడాది మొత్తం జీతం ఎంతైనా సరే, లాభం చిన్నదైనా సరే, శ్లాబులతో పనిలేదు. అదే ఏడాది జూలై 1 నుంచి అమ్మిన ప్రతిసారీ నూటికి ఒక రూపాయి మూలంలోనే కోసి ప్రభుత్వానికి కడతారు. ఒక నాణెం ఇచ్చి మరొక నాణెం పుచ్చుకున్నా అమ్మకం కిందే లెక్క.

ముప్పై అన్న అంకె చూసి అందరూ గుండెలు బాదుకుంటారు. మా బావగారు దాన్ని దాటి కిందికి చదివారు. దాని కిందే ఉన్నాయి రెండు వాక్యాలు. ఒకటి, నాణెం కొన్న ధర తప్ప మరే ఖర్చునూ లాభంలోంచి తగ్గించుకోవడానికి వీల్లేదు. రెండు, ఒక బేరంలో వచ్చిన నష్టాన్ని మరొక బేరంలో వచ్చిన లాభంతో చెల్లుబెట్టుకోవడానికీ వీల్లేదు, వచ్చే ఏడాదికి మోసుకుపోవడానికీ వీల్లేదు.

ఈ రెండో వాక్యాన్ని ఆయన నాలుగుసార్లు చదివించుకున్నారు. ముప్పై ఎనిమిదేళ్ళ గుమాస్తాకు అది లోపలికి ఎక్కలేదు. “అంటే, పది టిక్కీలు లాభానికి అమ్మి, పది టిక్కీలు నష్టానికి అమ్మితే, నష్టం నాది, లాభంలో మూడోవంతు సర్కారుదీనా?” అన్నారు. దాదాపు అంతే.

వాడి అరవై బేరాల్లో ముప్పైనాలుగు లాభించాయి. వాటిలో వచ్చింది రూ. 1,10,000. ఇరవైయారు దెబ్బతిన్నాయి. వాటిలో పోయింది రూ. 1,02,000. ఇంటివాళ్ళ లెక్కకు లాభం ఎనిమిదివేలు. పన్ను లెక్కకు లాభం లక్షాపదివేలు. దానిమీద నూటికి 30 చొప్పున రూ. 33,000, సెస్సు రూ. 1,320, మొత్తం రూ. 34,320. అమ్మినప్పుడల్లా బడివాళ్ళు తమ కమీషనూ దానిమీది పన్నూ తీసివేసి, మిగతా మొత్తంమీద నూటికి రూపాయి చొప్పున కోస్తూ వచ్చింది రూ. 29,858. అది పోను వాడింకా రూ. 4,462 కట్టాలి.

ఇప్పుడు మొత్తం తక్‌పట్టీ చూడండి. ధరల్లో వచ్చింది ఎనిమిదివేలు. కమీషనూ జీఎస్టీ కలిపి రూ. 28,282 పోయింది. పన్ను రూ. 34,320 పోయింది. వెరసి నష్టం రూ. 54,602. రెండు లక్షల్లో మిగిలేది రూ. 1,45,398. ఫోనులో మాత్రం ఇప్పటికీ పచ్చ అంకెలు లాభమే చూపిస్తున్నాయి. పైన చెప్పిన సందూ, జారుడూ విడిగా రాయవలసిన పని లేదు. అవి ఆ ధరల్లోనే కలిసి వచ్చేశాయి. అవే లేకపోతే ఎనిమిదివేలు ఇంకెంతో అయ్యేది.

ఆ నూటికి రూపాయి విషయంలో మరొక్క మాట. అది పన్నులో జమ అవుతుంది, ఎక్కువైతే రిటర్ను వేసి వాపసు అడగవచ్చు, నిజమే. కాని ఆ లోగా ఆ డబ్బు చేతిలో ఉండదు. మూలధనమంతా ప్రతిసారీ తిప్పేవాడికి, అరవై అమ్మకాలయ్యేసరికి, ధర అంగుళం కదలకపోయినా, నూటికి 45 పాళ్ళు ఖజానాకు చేరి ఉంటాయి. ఇది తప్పించుకుందామని చాలామంది పరదేశపు బళ్ళకు పోయారు. 2023 డిసెంబరులో మన ఆర్థికశాఖవారి నిఘా విభాగం తొమ్మిది విదేశీ ఎక్స్ఛేంజిలకు నోటీసులిచ్చింది. మరుసటి నెలలో వాటి ద్వారాలు ఇక్కడినుంచి మూతపడ్డాయి. అక్కడ డబ్బున్నవాళ్ళ గాభరా చెప్పనలవి కాదు. బడి పరదేశానిదైనా పన్ను బాకీ మాత్రం స్వదేశానిదే అన్నది వేరే సంగతి.

ఎక్స్ఛేంజి జోలి లేకుండా మనిషికీ మనిషికీ మధ్య నేరుగా కొనడం ఒకటుంది. అక్కడ ఖర్చు మరొక రూపంలో వస్తుంది. మీకు డబ్బు పంపినవాడు ఆ డబ్బును ఏ సైబరు మోసంలో కొట్టేశాడో మీకు తెలియదు. పోలీసులు తీగ లాగితే మీ బ్యాంకి ఖాతా బిగుసుకుపోతుంది. నేరం మీది కాదని తేలేలోగా, ఎక్కడో ఎరగని ఊళ్ళో పోలీసు స్టేషను చుట్టూ తిరగాలి. రైలు చార్జీలు ఏ చిట్టాలో రాసుకోవాలో మరి.

నాణేలను బడిలోంచి సొంత సంచిలోకి మార్చుకుందామంటే అదీ ఉచితం కాదు. బిట్‌కాయిను ఆవర్జాలో కూలి మీరు పంపే సొమ్మునుబట్టి ఉండదు. మీ పద్దు పేజీలో ఆక్రమించే చోటునుబట్టి ఉంటుంది. పేజీలో చోటు తక్కువ, తోసుకునేవాళ్ళు ఎక్కువ అయినప్పుడు ఎవరు హెచ్చుకూలి ఇస్తే వాళ్ళ పద్దు ముందు ఎక్కుతుంది. 2017 డిసెంబరులో సగటు కూలి యాభై డాలర్లు దాటింది. 2024 ఏప్రిల్ 20న ఒక్కరోజు వంద డాలర్లు దాటింది. వంద డాలర్ల నాణెం పంపడానికి వంద డాలర్ల బండికూలి! మామూలు రోజుల్లో అంత ఉండదు, ఒకటి రెండు డాలర్లతో సరిపోయే రోజులూ ఉన్నాయి. కాని చాలా బళ్ళు అసలు కూలికి తమదికొంత చేర్చి వసూలు చేస్తాయి. ఒక గొలుసు నాణేన్ని పొరపాటున మరో గొలుసు చిరునామాకు పంపారా, ఇక దాన్ని రప్పించడం బ్రహ్మతరం కాదు. మనియార్డరు తప్పిపోతే పోస్టుమాస్టరును అడుగుతాం. ఇక్కడ పోస్టుమాస్టరే లేడు.

అప్పుచేసి ఆడే ఆట గురించి చెప్పడం నాకిష్టం లేదు గాని చెప్పక తప్పదు. ఇరవైవేలు పెట్టి రెండు లక్షల నాణేలమీద పందెం కాయనిస్తారు. ముగింపు తేదీ లేని ఈ ఒప్పందాల్లో చాలాచోట్ల ఎనిమిది గంటలకొకసారి ఒక పక్షం మరొక పక్షానికి బత్తెం చెల్లించాలి. అధిక భాగం ధర పెరుగుతుందన్నవాళ్ళే చెల్లించేది. అది నూటికి ఒక్క పైస అనుకోండి. పైసే కదా! కాని అది రెండు లక్షలమీద. పూటకు ఇరవై రూపాయలు, రోజుకు అరవై, నెలకు పద్దెనిమిది వందలు. మీరు పెట్టిన ఇరవైవేలకు అది నెలకు నూటికి తొమ్మిది వడ్డీ. కాబూలీవాలా కూడా సిగ్గుపడతాడు. కమీషనూ రెండు లక్షలమీదే. ధర పదిపాళ్ళు ఎదురు తిరిగిందా, ఇరవైవేలూ తుడిచిపెట్టి యంత్రమే దుకాణం కట్టేస్తుంది. 2025 అక్టోబరు 10న, చైనా సరుకుమీద కొత్త సుంకాలు వేస్తామని అమెరికా అధ్యక్షుడు ప్రకటించిన రోజున, ఇల్లాంటి పందేలు 1,900 కోట్ల డాలర్లకు పైగా ఒక్క రోజులో ఊడ్చుకుపోయాయి. అప్పటికి మన దేశంలో శుక్రవారం అర్ధరాత్రి దాటింది. మన యార్డుకైతే గంట కొడతారు, వేసవి సెలవులిస్తారు. ఈ బజారుకు తలుపులే లేవు. మా వాడు ఏడాదిగా ఫోను దిండుకింద పెట్టుకుని పడుకున్నాడట. ఆ నిద్ర ఖరీదు కట్టే పద్ధతి బావగారికీ తెలియదు.

బడే మునిగితే? జపానులోని మౌంట్‌గాక్స్ 2014 ఫిబ్రవరిలో మూతపడింది. ఖాతాదారులకు నాణేలు తిరిగి ఇవ్వడం మొదలైంది 2024 జూలైలో. పదేళ్ళు! ఎఫ్‌టీఎక్స్ 2022 నవంబరు 11న దివాలా తీసింది. దాని యజమానికి 2024 మార్చిలో పాతికేళ్ళ జైలు పడింది. ఖాతాదారులకు డబ్బు తిరిగి వస్తోందని పత్రికలు సంతోషంగా రాశాయి. కాని లెక్కకట్టింది దివాలానాటి ధరకు. బిట్‌కాయిను ఒక్కటికి సుమారు 16,871 డాలర్లు. 2025 ఫిబ్రవరిలో చెల్లింపులు మొదలయ్యేనాటికి బజారులో అదే నాణెం తొంభైవేల డాలర్ల పైమాట. నూటికి నూరు వచ్చాయన్న మాటా నిజమే, ఆరింట ఐదువంతులు పోయాయన్న మాటా నిజమే.

ఇది క్రిప్టో పిచ్చి గనక ఇల్లా జరిగిందనుకోవద్దు. మాటిమాటికీ తిప్పడంలోనే ఉంది చిదంబర రహస్యం. అమెరికాలో బార్బర్, ఓడియన్ అనే ఇద్దరు ఆచార్యులు 1991 నుంచి 1996 దాకా 66,465 కుటుంబాల షేరు ఖాతాలు పరిశీలించారు. బజారు మొత్తానికి ఏటా నూటికి 17.9 లాభం రాగా, అందరికంటె ఎక్కువగా కొని అమ్మినవాళ్ళకు మిగిలింది 11.4. మన సెబీవారు 2024 సెప్టెంబరులో షేర్ల ఫ్యూచర్సు, ఆప్షన్సు వ్యాపారంమీద లెక్కలు బయటపెట్టారు. మూడేళ్ళలో అందులో దిగిన కోటిమందికి పైగా వ్యక్తుల్లో నూటికి 93 మంది నష్టపోయారు. ఖర్చులతో కలిపి తలకు సగటు నష్టం రెండు లక్షలు. 2023-24లో ఒక్కొక్కరు కేవలం లావాదేవీల ఖర్చుకింద సగటున రూ. 26,000 ఇచ్చుకున్నారు. రెండు లక్షలని విన్నప్పుడు మా అక్కయ్య, “అందరి మోకాళ్ళూ ఆ బజారులోనే పోయినట్టున్నాయి” అంది. అప్పటిదాకా ఆమె వింటున్నదని మాలో ఎవరికీ తెలియదు.

కుర్రవాడి ముఖం చూడాలి అప్పుడు. లేచి వెళ్ళి తల్లి కాళ్ళదగ్గర కూర్చున్నాడు. ఆమె ఏమీ అనలేదు. “రాత్రిళ్ళు నిద్రపోతున్నావా?” అని మాత్రం అడిగింది.

“మామయ్యా, ఒకసారి కొని ఊరుకుని ఉంటే?” అని తరవాత నన్నడిగాడు వాడు, డాబామీద. ఊరుకుని ఉంటే కమీషను ఒకసారి కొన్నప్పుడు, ఒకసారి అమ్మినప్పుడు. పన్ను ఉన్న లాభానికే. కాని ధర పెరగవచ్చు, సగానికి పడిపోనూవచ్చు. అంతకుముందు ఎన్నోసార్లు పడింది. తల్లి ఆపరేషను డబ్బుతో అల్లా కూర్చోవడం ఎవరివల్ల అవుతుంది? ఆ మాటే చెప్పాను. వాడు సరేనన్నట్టు తలూపాడుగాని నమ్మాడో లేదో నాకు తెలియదు.

మర్నాడు బావగారు చిట్టాలోంచి ఒక కాగితం చింపి తక్‌పట్టీ రాసి కొడుకు చేతికిచ్చారు. అరవై బేరాలకు ఒకే తక్‌పట్టీ. అడుగున దస్తూరీతో సహా. వాడు దాన్ని మడిచి పర్సులో పెట్టుకున్నాడు. మిగిలిన పన్ను రూ. 4,462 కట్టేశాడు. తగ్గిన యాభైనాలుగువేల చిల్లరకోసం ఒక చీటీ పాడాడు. పాటలో పోయిందెంతో, కమీషనెంతో చీటీవాళ్ళు కాగితంమీద రాసిచ్చారు. పోయింది తక్కువేమీ కాదు. బావగారు దాన్ని రెండుసార్లు చదివి, “ఇది కాగితం” అని బీరువాలో పెట్టారు.

కుడి మోకాలికి 2025 ఆగస్టులో ఆపరేషనయింది. కర్ర పుచ్చుకుని అక్కయ్య వీధి గుమ్మందాకా నడుస్తోంది. ఎడమ మోకాలు చీటీ వాయిదాలు తీరినదాకా ఆగాలి. ఇంకా పద్నాలుగున్నాయి.